వ్యక్తిగత వ్యాయామ శిక్షకుడు (పర్సనల్ ట్రైనర్): అర్హత, శిక్షణ, ఉపాధి

ఒక వ్యక్తి ఆరోగ్యస్థితి, వయసు, అవసరం ముందుగా తెలుసుకొని, దానికి తగిన వ్యాయామాన్ని రూపొందించి, దగ్గరుండి చేయించి, ఫలితాన్ని కొలిచి చూపే వృత్తిదారును వ్యక్తిగత వ్యాయామ శిక్షకుడు అంటారు. వాడుకలో పర్సనల్ ట్రైనర్, జిమ్ ట్రైనర్, జిమ్ కోచ్ అనే పేర్లున్నాయి. ఈ వృత్తి చేయడానికి భారతదేశంలో చట్టబద్ధమైన లైసెన్సు లేదు. అందువల్ల శిక్షకుడి యోగ్యతను అతని చదువు, ధ్రువపత్రాలు, అనుభవం మాత్రమే చెబుతాయి. శ్రీ సత్యసాయి జిల్లాలోని బుక్కపట్నం, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాన్ని ముఖ్య ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం ఆ వృత్తి చరిత్రను, అర్హతలను, పని తీరును, ఉపాధి మార్గాలను వివరిస్తుంది.

పరిధి: దగ్గరి వృత్తులతో తేడా

శిక్షకుడి పనికి ఆనుకొని మరికొన్ని వృత్తులున్నాయి. క్రీడా కోచ్ ఒక ఆటలో గెలుపు కోసం శిక్షణ ఇస్తాడు. పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడు, అంటే పీఈటీ, తరగతి మొత్తానికి ఆటలు, డ్రిల్లు నేర్పుతాడు. గాయం తర్వాతో శస్త్రచికిత్స తర్వాతో కదలికను తిరిగి తెప్పించే చికిత్స ఫిజియోథెరపిస్టుది. జబ్బుకు తగిన ఆహారాన్ని నిర్ణయించేది డైటీషియన్. ఈ చివరి రెండు వృత్తులు 2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం పరిధిలోకి వస్తాయి. వ్యాయామ శిక్షకుడు ఆ చట్టం పరిధిలో లేడు. కాబట్టి అతను చికిత్స చేస్తానని చెప్పుకోకూడదు. ఆరోగ్యవంతులకు, లేదా వైద్యుడు అనుమతించిన వారికి మాత్రమే వ్యాయామం చేయించాలి. (చూ. ఫిజియోథెరపీ, వ్యాయామ విద్య)

బుక్కపట్నం ప్రాంత సందర్భం

బుక్కపట్నం పుట్టపర్తికి దగ్గరగా, చిత్రావతి నీటితో నిండే పెద్ద చెరువు పక్కన ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి అనంతపురం జిల్లా నుంచి విడివడి, పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఇది భాగం. ఊళ్లో జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్) ఉంది. అయితే అది ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులను తయారుచేసే సంస్థ. వ్యాయామ విద్య చదవాలనుకునేవారు వేరే చోటికి వెళ్లాలి.

ఈ ప్రాంతంలో శిక్షకుడి దగ్గరకు వచ్చేవారు ఒకే రకం వారు కారు. పోలీసు, సైన్యం ఉద్యోగాలకు పరుగు సాధన చేసే యువత ఒక వర్గం. మధుమేహం, అధిక రక్తపోటు ఉందని తెలిసి వైద్యుడి మాటమీద నడక మొదలుపెట్టే నడివయసువారు మరో వర్గం. ధర్మవరంలో గుంత మగ్గం మీద పట్టుచీరలు నేసేవారు గంటల తరబడి నడుము వంచి కూర్చొని పని చేస్తారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ల కర్మాగారం, దాని అనుబంధ పరిశ్రమలు షిఫ్టుల్లో పనిచేసే ఉద్యోగులను తెచ్చాయి. పుట్టపర్తిలో స్థిరపడిన, వచ్చిపోయే విదేశీయులు, వయోవృద్ధులు కూడా ఉన్నారు. పెనుకొండ మీదుగా పోయే 44వ జాతీయ రహదారి, హిందూపురం రైలు మార్గం ఈ ప్రాంతాన్ని బెంగళూరుకు కలుపుతాయి. జిమ్ ఉద్యోగాలకు దక్షిణ భారతంలోని అతిపెద్ద నగరాల్లో ఒకటి ఇలా అందుబాటులో ఉండడం ఇక్కడి యువతకు కలిసివచ్చిన అంశం.

చరిత్ర

ఒకరి శరీరానికి మరొకరు శిక్షణ ఇచ్చే పద్ధతి ఈ సీమలో పాతదే. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్యను రాశాడు. రాయలు తెల్లవారక ముందే నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా నూనె పట్టించుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తేవాడు. తాగిన నూనె చెమటగా బయటికి వచ్చేదాకా కత్తి సాధన చేసేవాడు. తర్వాత తన మల్లుల్లో ఒకరితో కుస్తీ పట్టి, గుర్రమెక్కి మైదానంలో స్వారీ చేసేవాడు. బరువు, చెమట, జతగాడు, స్వారీ అనే వరుసలో సాగిన ఆ సాధనలో క్రమం కనిపిస్తుంది. 1565 తర్వాత విజయనగర రాజధాని ఈ ప్రాంతంలోని పెనుకొండకే మారింది.

తర్వాతి కాలంలో ఈ విద్య తాలింఖానాల్లో, అంటే సాము నేర్పే శిక్షణశాలల్లో బతికింది. అక్కడ గురువు వస్తాదు. దండాలు, బస్కీలు, గద, సంగిడి రాళ్లు, కర్రసాము, కుస్తీ అతను నేర్పేవి. ఎవరు ఎన్ని దండాలు తీయాలో, ఏం తినాలో వస్తాదే చెప్పేవాడు. ధ్రువపత్రం ఉండేది కాదు. ఏ వస్తాదు శిష్యుడన్నదే గుర్తింపు. (చూ. కుస్తీ, సాము గరిడీలు)

ఈ పాత విద్యకు కొత్త శిక్షణ తోడైన తొలి తెలుగువారిలో కోడి రామమూర్తి నాయుడు (మ. 1942) ముఖ్యుడు. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా వీరఘట్టానికి చెందిన ఆయన మద్రాసులోని సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. తర్వాత సొంత సర్కస్‌తో దేశవిదేశాల్లో బలప్రదర్శనలు ఇచ్చి కలియుగ భీముడిగా పేరు పొందాడు. మద్రాసులో 1920లో హ్యారీ క్రో బక్ స్థాపించిన వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల దక్షిణాది పాఠశాలలకు చదువుకున్న డ్రిల్లు మాస్టర్లను ఇచ్చింది.

నేటి పర్సనల్ ట్రైనర్‌కు అతి దగ్గరి పూర్వరూపం బెంగళూరులో కనిపిస్తుంది. కె.వి. అయ్యర్ (1897–1980) అక్కడ వ్యాయామశాల నడిపాడు, 1930లో ‘మజిల్ కల్ట్’ అనే పుస్తకం ప్రచురించాడు, తపాలా ద్వారా దూరప్రాంతాల వారికి పాఠాలు పంపాడు. బరువులతో చేసే పాశ్చాత్య వ్యాయామాన్ని సూర్యనమస్కారాలతో కలిపి బోధించాడు. విద్యార్థి కొలతలను బట్టి ఉత్తరంలో వ్యాయామక్రమం రాసి పంపడం, నేటి ఆన్‌లైన్ శిక్షణకు తొంభై ఏళ్ల ముందే జరిగిన పని. ఈ వృత్తి చరిత్రలో అయ్యర్‌కు దక్కవలసినంత గుర్తింపు ఇంకా దక్కలేదు.

స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వ సంస్థలు వచ్చాయి. 1957లో గ్వాలియర్‌లో లక్ష్మీబాయి వ్యాయామ విద్యా కళాశాల, 1961లో పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్), 1984లో భారత క్రీడా ప్రాధికార సంస్థ ఏర్పడ్డాయి. ఇవి ఆటల కోచ్‌లను, అధ్యాపకులను తయారుచేశాయి. మామూలు మనిషికి వ్యాయామం చేయించే శిక్షకుణ్ణి మాత్రం ప్రైవేటు జిమ్‌లే పెంచాయి. 2002లో గోల్డ్స్ జిమ్ భారతదేశానికి వచ్చింది. 2007లో ‘దేశముదురు’ చిత్రంలో అల్లు అర్జున్ ఆరు పలకల దేహంతో కనిపించడం తెలుగు యువతను జిమ్‌ల వైపు మళ్లించిన ఘటనల్లో ఒకటి. 2016లో బెంగళూరులో కల్ట్ ఫిట్ అనే గొలుసు జిమ్ మొదలైంది. 2018లో ‘అరవింద సమేత వీరరాఘవ’ కోసం జూనియర్ ఎన్టీఆర్‌కు లాయిడ్ స్టీవెన్స్ శిక్షణ ఇచ్చినప్పుడు శిక్షకుడి పేరు కూడా పత్రికల్లోకి ఎక్కింది. 2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్‌తో మూతపడిన జిమ్‌లు ఆగస్టు 5 నుంచి తెరుచుకోవడానికి అనుమతి వచ్చింది. మధ్యలో గడిచిన నెలల్లో ఫోన్‌లో వీడియో ద్వారా శిక్షణ ఇవ్వడం చాలామందికి అలవాటైంది, తర్వాతా నిలిచింది.

అర్హతలు: వ్యాయామ విద్య మార్గం

పాఠశాల ఉద్యోగం కూడా కావాలనుకునేవారికి ఇది సరైన దారి. ఇంటర్మీడియట్ తర్వాత రెండేళ్ల డీపీఎడ్, డిగ్రీ తర్వాత రెండేళ్ల బీపీఎడ్ ఉన్నాయి. రెండింటికీ ఆంధ్రప్రదేశ్ పీఈసెట్ రాయాలి. పేరుకు ప్రవేశపరీక్షే అయినా ఇందులో రాతపరీక్ష లేదు. 100 మీటర్ల పరుగు, షాట్‌పుట్, లాంగ్ జంప్ లేదా హైజంప్, పురుషులకు 800 మీటర్లు, మహిళలకు 400 మీటర్ల పరుగు కలిపి 400 మార్కులు. ఎంచుకున్న ఆటలో నైపుణ్యానికి మరో 100. ఈ కోర్సుల్లో శరీర నిర్మాణశాస్త్రం, శరీరధర్మశాస్త్రం, క్రీడా మనస్తత్వశాస్త్రం, గాయాల నివారణ పాఠ్యాంశాలు. డీఎస్సీ ద్వారా భర్తీ చేసే వ్యాయామ ఉపాధ్యాయ పోస్టులకు ఇవే అర్హతలు. ఆటల కోచ్ కావాలంటే ఎన్‌ఐఎస్ డిప్లొమా ప్రధానం. పనిచేస్తున్నవారి కోసం ఆ సంస్థ ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా నడుపుతుంది.

అర్హతలు: నైపుణ్య ధ్రువపత్రాలు

కేంద్ర నైపుణ్యాభివృద్ధి వ్యవస్థలో ఈ రంగానికి స్పోర్ట్స్, ఫిజికల్ ఎడ్యుకేషన్, ఫిట్‌నెస్ అండ్ లీజర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ఉంది. దాని ‘ఫిట్‌నెస్ ట్రైనర్’ అర్హత జాతీయ నైపుణ్య అర్హతల చట్రంలో నాలుగో స్థాయికి చెందుతుంది. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో చదివి, బయటి పరీక్షకుడి ముందు రాత, ప్రయోగ పరీక్షలు రెండూ ఇవ్వాలి. కొన్నేళ్లుగా జిమ్‌లో పనిచేస్తూ కాగితం లేనివారికి, ఉన్న నైపుణ్యాన్నే పరీక్షించి ధ్రువీకరించే పద్ధతి కూడా ఈ వ్యవస్థలో ఉంది. యోగా బోధించదలచినవారికి ఆయుష్ మంత్రిత్వశాఖ ఆధ్వర్యంలోని యోగా సర్టిఫికేషన్ బోర్డు అంచెలవారీగా పరీక్షలు నిర్వహిస్తుంది.

ప్రైవేటు సంస్థల్లో ముంబై కేంద్రంగా ఉన్న కే11, పుణె కేంద్రంగా ఉన్న ఐఎన్‌ఎఫ్ఎస్ పేరున్నవి. వారాంతంలో రెండు తరగతులు చెప్పి రంగుల కాగితం చేతికిచ్చే సంస్థలు కూడా ఊరూరా ఉన్నాయి. పాఠ్యాంశంలో శరీర నిర్మాణశాస్త్రం లేని, ప్రయోగ పరీక్ష లేని, పునరుద్ధరణ గడువు లేని ధ్రువపత్రం మీద డబ్బు పెట్టడం వృథా.

అర్హతలు: అంతర్జాతీయ ధ్రువపత్రాలు

పెద్ద నగరాల్లోని గొలుసు జిమ్‌లు, గల్ఫ్ దేశాల జిమ్‌లు ఎక్కువగా అడిగేవి అమెరికా సంస్థలవి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ (ఏసీఎస్ఎం, 1954), నేషనల్ స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ అసోసియేషన్ (ఎన్‌ఎస్‌సీఏ, 1978), అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ (ఏస్, 1985), నేషనల్ అకాడమీ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ (ఎన్‌ఏఎస్ఎం, 1987) వీటిలో ప్రధానమైనవి. శిక్షకుల ధ్రువపత్రాలకు ఈ నాలుగూ ఒకే రకం స్వతంత్ర గుర్తింపు కలిగి ఉన్నాయి. ఏస్ పరీక్షకు 18 ఏళ్లు నిండి, గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్‌లో ధ్రువపత్రం ఉండాలి. పరీక్షలో 150 ప్రశ్నలు, మూడు గంటల సమయం. ఏస్, ఎన్‌ఏఎస్ఎం ధ్రువపత్రాలను రెండేళ్లకోసారి 20 గంటల అదనపు చదువుతో పునరుద్ధరించుకోవాలి. క్రీడాకారులతో పనిచేయాలనుకునేవారు చదివే ఎన్‌ఎస్‌సీఏ వారి సీఎస్‌సీఎస్‌కు డిగ్రీ తప్పనిసరి.

ఫీజు డాలర్లలో ఉంటుంది. పరీక్ష, పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివిన యువకుడికి ఇది పెద్ద అడ్డు. ముందు దేశీయ నాలుగో స్థాయి ధ్రువపత్రంతో జిమ్‌లో చేరి, సంపాదిస్తూ, శరీర నిర్మాణశాస్త్ర పదజాలాన్ని ఏడాదిపాటు పట్టుదలగా నేర్చుకొని, ఆ తర్వాత ఈ పరీక్షకు కూర్చోవడం నడవగలిగే దారి. మొదటి రోజే అప్పుచేసి విదేశీ ధ్రువపత్రానికి వెళ్లనక్కరలేదు.

ప్రథమ చికిత్స

ఏ ధ్రువపత్రం ఉన్నా లేకపోయినా సీపీఆర్ రాని శిక్షకుడు పనికి రాడు. ఇండియన్ రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ ఈ శిక్షణ ఇస్తాయి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవారిలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున ఛాతీని నొక్కాలి. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46వ ఏట, వ్యాయామం తర్వాత అస్వస్థతకు గురై గుండెపోటుతో మరణించినప్పుడు సరిహద్దు పట్టణమైన హిందూపురంలోనూ ఆయన అభిమానులు కలత చెందారు, జిమ్‌లంటేనే భయం పుట్టింది. ఆ భయానికి శిక్షకుడు ఇవ్వగల సమాధానం మాట కాదు. ముందస్తు ఆరోగ్య పరిశీలన, అత్యవసర వేళ ఏం చేయాలో తెలిసి ఉండడం, అంబులెన్స్ నంబరు 108 గోడమీద రాసి ఉండడమే ఆ సమాధానం.

పని విధానం

మొదటి రోజు బరువు ఎత్తించకూడదు. పార్-క్యూ అనే ప్రశ్నావళితో మొదలుపెట్టాలి: గుండె జబ్బు ఉందా, శ్రమ పడితే ఛాతీ నొప్పి వస్తుందా, కళ్లు తిరుగుతాయా, కీళ్ల సమస్య ఉందా, మందులు ఏవైనా వాడుతున్నారా. ఒక్కదానికి ‘అవును’ అన్నా వైద్యుడి అనుమతి వచ్చేదాకా ఆగాలి. పుట్టపర్తిలో 1991 నవంబరు 22న ప్రారంభమైన శ్రీ సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి గుండె చికిత్స సహా వైద్యాన్ని ఉచితంగా అందిస్తుంది. అనుమానం ఉన్నవారిని పంపడానికి ఇంత దగ్గరలో ఇలాంటి ఆసుపత్రి ఉండడం చాలా మండలాలకు లేని సదుపాయం.

తర్వాత కొలతలు. భారతీయులకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు. పాశ్చాత్యుల 25, 30 కొలమానాలు ఇక్కడ పనికిరావు. నడుము చుట్టుకొలత పురుషుల్లో 90, మహిళల్లో 80 సెంటీమీటర్లు దాటకూడదు. విశ్రాంతిలో నాడి, రక్తపోటు, కూర్చొని లేచే తీరు, భుజాల కదలిక రాసుకోవాలి.

వ్యాయామ తీవ్రతను నాడితో లెక్కిస్తారు. ఉదాహరణకు 40 ఏళ్ల వ్యక్తికి విశ్రాంతి నాడి 70 అనుకుంటే, 220 నుంచి వయసు తీసివేయగా గరిష్ఠ నాడి 180, ఈ రెండు నాడుల మధ్య వ్యత్యాసం 110. అందులో 40 నుంచి 60 శాతాన్ని విశ్రాంతి నాడికి కలిపితే 114 నుంచి 136. ఓ మోస్తరు శ్రమకు ఇవి హద్దులు. రక్తపోటుకు బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో నాడి అంతగా పెరగదు. వారికి ఈ లెక్క పనిచేయదు. మాట్లాడగలుగుతున్నారా, ఆయాసపడుతున్నారా అన్నది చూసి తీవ్రతను నిర్ణయించాలి. బరువుల విషయంలో, ఒకరు 60 కిలోలను 8 సార్లు ఎత్తగలిగితే ఎప్లీ సూత్రం ప్రకారం ఒక్కసారికి ఎత్తగల గరిష్ఠం సుమారు 76 కిలోలు. కొత్తవారితో గరిష్ఠ బరువును నేరుగా ఎత్తించి పరీక్షించే ప్రమాదం ఇలా తప్పుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం అవసరం. ఈ రెండో భాగాన్ని మన వైపు నడకకు వెళ్లేవారు దాదాపు పట్టించుకోరు. నడక ఒక్కటే చేసే మధుమేహ రోగికి వారంలో రెండు రోజులు బస్కీలు, గోడకు ఆనుకొని చేసే దండాలు, రబ్బరు పట్టీతో వెనక్కి లాగే వ్యాయామాలు చేర్చడం శిక్షకుడు చేయగల అతి విలువైన పని. కండరం బలపడేకొద్దీ రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకుంటుంది.

నేతకారుడి విషయం వేరు. గుంతలో కాళ్లు పెట్టి తొక్కుతూ, నడుము ముందుకు వంచి, చేతులతో నాడె విసిరే శరీరానికి మళ్లీ ముందుకు వంగే వ్యాయామాలు ఇస్తే నొప్పి పెరుగుతుంది. తొడ ముందు భాగాన్ని సాగదీయడం, పిరుదులకు, వీపు పైభాగానికి బలం, గంటకోసారి మగ్గం దిగి నాలుగడుగులు నడవడం అతనికి కావాలి. తిమ్మిరి, కాలిలోకి దిగే నొప్పి ఉంటే శిక్షకుడు చేయి వేయకుండా ఆసుపత్రికి పంపాలి.

దేహదారుఢ్య పరీక్షల శిక్షణ

చిన్న ఊళ్లో శిక్షకుడికి పేరు తెచ్చే రంగం ఇదే. ఆంధ్రప్రదేశ్ సివిల్ కానిస్టేబుల్ నియామకంలో పురుషులు 1600 మీటర్లను 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో తప్పనిసరిగా పరుగెత్తాలి. దానికి తోడు 100 మీటర్ల పరుగు (15 సెకన్లు, మహిళలకు 18) లేదా లాంగ్ జంప్ (3.80 మీటర్లు, మహిళలకు 2.75) నెగ్గాలి. సైన్యంలో చేరడానికి జరిగే అగ్నివీర్ ర్యాలీలో 1600 మీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే 60 మార్కులు, 10 పుల్‌అప్స్ తీస్తే 40 మార్కులు.

ఈ రెండు పరీక్షలూ ఒకే దూరమైనా ఒకే శిక్షణ కాదు. కానిస్టేబుల్ అభ్యర్థి ప్రతి 400 మీటర్లను 2 నిమిషాల్లో పరుగెత్తితే చాలు. అగ్నివీర్ అభ్యర్థి అదే చుట్టును సుమారు 82 సెకన్లలో తిరగాలి. మొదటివాడికి నిలకడగా 4, 5 కిలోమీటర్లు పరుగెత్తే ఓపిక ముందు కావాలి. రెండోవాడికి ఆ ఓపికపైన, వారానికి ఒకటి రెండుసార్లు 400 మీటర్ల వేగపు చుట్లు, మధ్యలో విశ్రాంతితో చేయించాలి. రోజూ పూర్తి దూరాన్ని పూర్తి వేగంతో పరుగెత్తించడం గ్రామాల్లో కనిపించే పెద్ద పొరపాటు. మోకాలి కింద ఎముక నొప్పితో పరీక్షకు ముందే మానేసే కుర్రవాళ్లు దాని ఫలితం.

కాలం కూడా శిక్షకుడి లెక్కలో ఉండాలి. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ప్రాథమిక రాతపరీక్ష 2023 జనవరిలో జరిగింది. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు చివర్లో. సాధన మానేస్తే కొన్ని వారాల్లోనే దమ్ము తగ్గుతుంది. దాదాపు రెండేళ్లు ఎదురుచూసే అభ్యర్థిని ఆసాంతం పరీక్ష స్థాయిలో పరుగెత్తిస్తే గాయపడతాడు, పూర్తిగా వదిలేస్తే వెనకబడతాడు. తక్కువ మోతాదులో నిలబెట్టి, తేదీ వెలువడ్డాక పెంచే ప్రణాళిక వేయగలిగినవాడే ఇక్కడ శిక్షకుడు.

ఈ రంగంలో మైదానమే జిమ్. పాఠశాల మైదానం, చెరువు కట్ట, వేసవిలో తెల్లవారుజాము సమయం, నీళ్లు, ఒక స్టాప్‌వాచ్, ఒక రికార్డు పుస్తకం ఉంటే చాలు. అందుకే పెట్టుబడి లేని కొత్త శిక్షకుడు ఇక్కడినుంచి మొదలుపెట్టడం మేలు.

ఆహారం, సప్లిమెంట్లు, మందులు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ (1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు మారింది) 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాలు శిక్షకుడి దగ్గర ఉండదగిన పుస్తకం. పెద్దలకు రోజుకు శరీర బరువు కిలోకు 0.83 గ్రాముల ప్రోటీన్‌ను భారతీయ వైద్య పరిశోధన మండలి సిఫారసు చేస్తుంది. 60 కిలోల వ్యక్తికి అది సుమారు 50 గ్రాములు. బరువుల సాధన చేసేవారికి ఇంకొంత ఎక్కువ కావాలి. ఈ నేల మీద పండే వేరుశనగలో 100 గ్రాములకు సుమారు 25 గ్రాముల ప్రోటీన్ ఉంది. అయితే కొవ్వు దానికి దాదాపు రెట్టింపు కాబట్టి బరువు తగ్గాలనుకునేవారికి గుప్పెడు చాలు. ఉలవలు, అలసందలు, పప్పు, గుడ్లు, పెరుగు తోడైతే రాగిసంగటి తినే ఇంట్లో ప్రోటీన్ డబ్బా అవసరం చాలామందికి రాదు. కండ పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దనే పోషకాహార సంస్థ కూడా సలహా ఇచ్చింది. వాడేవారు 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు సంఖ్య చూసి కొనాలి.

అనబాలిక్ స్టెరాయిడ్లు వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడని మందులు. గుండె, కాలేయం, సంతాన సామర్థ్యం మీద వాటి ప్రభావం తీవ్రం. వాటిని శిక్షకుడు అమ్మడం, ఇంజెక్షన్ వేయడం నేరం, వృత్తి ద్రోహం. క్రీడాకారుడికి నిషిద్ధ మందు ఇచ్చిన శిక్షకుడు కూడా డోపింగ్ నిబంధనల కింద నాలుగేళ్ల నుంచి జీవితకాల నిషేధం దాకా ఎదుర్కొంటాడు. దేశంలో ఈ నియంత్రణకు 2022లో జాతీయ డోపింగ్ నిరోధక చట్టం వచ్చింది. (చూ. డోపింగ్)

ఉపాధి దశలు

సాధారణంగా మొదటి మెట్టు ఫ్లోర్ ట్రైనర్. జిమ్‌లో అందరికీ యంత్రాల వాడకం చూపి, తప్పులు దిద్దడం పని. జీతం తక్కువ, నేర్చుకునేది ఎక్కువ. తర్వాత పర్సనల్ ట్రైనర్‌గా, స్థిర జీతంతోపాటు తన దగ్గర చేరినవారి ఫీజులో వాటా వస్తుంది. ఆ వాటా జిమ్‌నుబట్టి మారుతుంది కాబట్టి చేరే ముందే కాగితం మీద రాయించుకోవాలి. పనివేళలు తెల్లవారుజామున, సాయంత్రం రెండు ముక్కలుగా ఉంటాయి. బెంగళూరులో గది అద్దెకు తీసుకొని ఇలా పనిచేసే హిందూపురం, ధర్మవరం యువకులకు మధ్యాహ్నం విశ్రాంతి, చదువు రెండూ దక్కేలా రోజును మలచుకోవడమే అసలు పరీక్ష. హెడ్ ట్రైనర్, మేనేజర్ తర్వాతి మెట్లు. కొందరు ఇళ్లకు వెళ్లి, మరికొందరు ఆన్‌లైన్‌లో శిక్షణ ఇస్తారు. విదేశాల్లోని తెలుగువారికి మాతృభాషలో చెప్పగలగడం ఆన్‌లైన్ శిక్షకుడికి అదనపు బలం.

నగరంలో కొన్నేళ్లు పనిచేసి, పద్ధతులు నేర్చి, సొంత ఊరికి తిరిగిరావడం ఈ ప్రాంతానికి సరిపోయే క్రమం. ప్రత్యేకత ఒకటి ఎంచుకున్నవారికి నిలకడ ఉంటుంది: వృద్ధులు, మధుమేహం, ప్రసవానంతర వ్యాయామం, క్రీడాకారుల బలసాధన, నియామక పరీక్షలు.

సొంత జిమ్: పెట్టుబడి, అనుమతులు

పంచాయతీ లేదా మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదు, ఉద్యమ్ నమోదు ప్రాథమికం. జిమ్‌లో సినిమా పాటలు వినిపించడానికి కాపీరైటు హక్కుదారుల లైసెన్సు కావాలన్న సంగతి చాలామందికి నోటీసు వచ్చేదాకా తెలియదు. వార్షిక ఆదాయం 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. జిమ్ సేవలపై 18 శాతంగా ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది. అయితే పరికరాల కొనుగోలుపై కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునే వీలు పోయింది.

ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు హామీ లేని రుణం ఉంది. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో సేవారంగ యూనిట్లకు 20 లక్షల వరకు ప్రాజెక్టు వ్యయం, గ్రామీణ ప్రాంతంలో సాధారణ వర్గానికి 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళలు తదితరులకు 35 శాతం రాయితీ. యంత్రాలకన్నా ముందు బార్‌లు, పలకలు, డంబెల్స్, గట్టి ర్యాక్, రబ్బరు నేల కొనడం మంచిది. ట్రెడ్‌మిల్ ఖరీదైనది. పరుగుకు మైదానం ఉన్న ఊళ్లో దానికంత తొందర లేదు.

మహిళా శిక్షకులు

చిన్న పట్టణాల్లో మహిళా శిక్షకుల కొరత ఎక్కువ, అవసరం అంతకన్నా ఎక్కువ. ప్రత్యేక సమయం, మహిళా శిక్షకురాలు ఉంటేనే జిమ్‌కు వస్తామనే కుటుంబాలు చాలా ఉన్నాయి. ప్రసవానంతరం, రుతువిరతి తర్వాత ఎముకల బలం తగ్గే దశలో బరువుల వ్యాయామం ఎంతో అవసరం. ఆ శిక్షణను సమర్థంగా ఇవ్వగలిగేది మహిళా శిక్షకులే. కానిస్టేబుల్ పరీక్షకు సాధన చేసే ఆడపిల్లలకు తెల్లవారుజాము మైదానంలో ఒక అక్క తోడుంటే సాధన ఆగదు. బీపీఎడ్ చదివి పాఠశాల పోస్టు కోసం ఎదురుచూస్తున్న యువతులు ఈ రంగంలోకి రావాలి.

నియంత్రణ

2019 వినియోగదారుల రక్షణ చట్టం జిమ్ సేవలకూ వర్తిస్తుంది. తప్పుడు శిక్షణవల్ల గాయపడినవారు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. శిక్షకుల నమోదు పట్టిక, తప్పనిసరి కనీస అర్హత, జిమ్‌లో సీపీఆర్ తెలిసినవారు ఉండాలనే నిబంధన చట్టంగా రావలసి ఉంది. అప్పటిదాకా జిమ్‌లో చేరేవారు ఫీజు కట్టే ముందు శిక్షకుడి ధ్రువపత్రం, దాని గడువు తేదీ, ప్రథమ చికిత్స శిక్షణ చూపమని అడగాలి. అడిగితే నొచ్చుకోని శిక్షకుడి దగ్గరే చేరాలి.